బిరడా లేని సీసా

2006వ సంవత్సరం. సౌదీ రాజధాని రియాద్‌లోని మలాజ్ ప్రాంతంలో ఒక భారతీయ పాఠశాల బాలికల విభాగంలో నేను తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. పెళ్లయి ఆ దేశం వచ్చి ఏడాది దాటింది. ఎమ్మెస్సీ చదివి ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, మా వారి ఆఫీసుకు వెళ్లే దారిలోనే బడి ఉందని చేరాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చిన్నప్పటి నుంచీ కష్టమే. క్లాసులో పిల్లల ముందు ఆ బెరుకు ఉండేది కాదు. స్టాఫ్‌రూమ్‌లోకి రాగానే మళ్లీ పట్టుకునేది. కోపం వస్తే ఇంటికి వెళ్లి డైరీలో రాసుకుని చల్లారేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది అలా చల్లారని కోపం.

ఆ బడి పద్ధతి కొంచెం చెప్పాలి. అబ్బాయిల విభాగం రెండు వీధుల అవతల వేరే భవనంలో ఉండేది. మగ టీచర్లు మా వైపు అడుగు పెట్టరు, మేం అటు వెళ్లం. తండ్రులు కూడా గేటు దాకే. ఫిజిక్స్‌కు మాత్రం రెండు విభాగాలకూ కలిపి ఒక్కరే హెచ్ఓడీ, అంటే ఆ సబ్జెక్టు టీచర్లందరికీ పెద్ద. ఆయన పేరు ప్రసాద్ సార్. విజయవాడ మనిషి. ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. హెడ్‌మిస్ట్రెస్ సుల్తానా మేడమ్ గదిలో బల్ల మీది ఇంటర్‌కమ్‌లో వినిపించే గొంతే నాకు ఆయన. పరికరాలు, కాగితాలు స్కూల్ డ్రైవరు అట్టపెట్టెల్లో ఇటూ అటూ మోసేవాడు. అక్కడ పనిచేసే వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. నాకూ కొన్నాళ్లకు వింతగా అనిపించడం మానేసింది.

ఆ ఏడాది పదో తరగతికి ప్రాజెక్టు అంశం గ్లోబల్ వార్మింగ్. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎలా వేడెక్కుతుందో చూపించాలి. ప్రసాద్ సార్ రెండు విభాగాలకూ ఒకే షీట్ పంపారు. రెండు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీసుకోవాలి. ఒకదానిలో మామూలు గాలి ఉంచాలి. దాన్ని కంట్రోల్ అంటారు. అంటే మనం ఏ మార్పూ చేయకుండా పోల్చి చూసుకోవడానికి పెట్టుకునే జత. రెండోదానిలో వంటసోడా, వెనిగర్ కలిపితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ నింపాలి. రెండింటిలో థర్మామీటర్లు పెట్టి, ఒకే బల్బు ముందు సమాన దూరంలో ఉంచి, కాసేపటికొకసారి ఉష్ణోగ్రత రాసుకోవాలి. షీట్ చివర ‘ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్’ అని ఒక గడి. కార్బన్ డయాక్సైడ్ సీసా అయిదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుందని ఆ గడిలో ముందే రాసి ఉంది.

రావలసిన జవాబు ముందే చేతికిస్తే పిల్లలు ఏం చేస్తారో ఎవరికైనా తెలుసు. మా క్లాసులో చాలామంది బల్బు వెలిగించి, ముచ్చట్లు చెప్పుకుని, బల్బు ఆర్పి, అయిదు డిగ్రీలు రాసేశారు. ఒకమ్మాయి నాలుగున్నర రాసి, మరీ అయిదే వేస్తే అనుమానం వస్తుంది కదా మిస్ అని నాకే చెప్పింది. నవ్వొచ్చింది కానీ మనసులో గుచ్చుకుంది.

హెప్సిబా మాత్రం రాయలేదు. అందరూ హెప్సి అనేవాళ్లం. తెనాలి దగ్గరి పిల్ల, మాట తక్కువ, అందువల్లే నాకు దగ్గరైంది. సీసాలు ఆ పిల్ల తానే కోసి, తానే అతికించింది. నాకు చూపించిన పేపరులో రెండు సీసాలకూ ఒకే ఉష్ణోగ్రత. సరిగ్గా నింపలేదేమో, మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ అదే వచ్చింది. ఈసారి నేను పక్కన నిలబడ్డాను. వెలిగించిన అగ్గిపుల్ల సీసా మూతిలో పెడితే ఠక్కున ఆరిపోయింది, అంటే గ్యాస్ నిండుగానే ఉంది. బల్బు దూరం స్కేలుతో కొలిచాను. థర్మామీటర్లు ఇటుది అటు, అటుది ఇటు మార్చాను. తేడా లేదు.

“ఏం రాయమంటారు మిస్?” అంది.

“నువ్వు చూసింది రాయి,” అన్నాను. ఆ వయసు పిల్లకు ఒక టీచరు ఇవ్వగలిగిన అతి సులువైన సలహా అదే అనుకున్నాను.

మార్కుల జాబితా అటు వెళ్లిన మర్నాడు సుల్తానా మేడమ్ పిలిపించారు. ఇంటర్‌కమ్ స్పీకర్‌లో ప్రసాద్ సార్.

“చూడమ్మా శారదా, ఈ పిల్ల రిజల్ట్ జీరో అని రాసింది. మరి నువ్వు ఫుల్ మార్కులు ఎట్లా వేశావు?”

ప్రయోగం నా ఎదురుగానే చేసిందని చెప్పాను.

“రిజల్ట్ రాలేదంటే చెయ్యడం రాలేదనే అర్థం. అబ్బాయిల సైడ్ అందరికీ వచ్చింది. ఒక మోడల్ అయితే సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఫస్ట్ ప్రైజ్‌కి సెలెక్ట్ చేశాం. గర్ల్స్ సెక్షన్‌లో ఎప్పుడూ ఇంతే, చేతులు కాలతాయని బల్బుకి దూరంగా కూర్చుంటారు.” తర్వాత కొంచెం తగ్గి, “ఆ అంకెలు మార్పించు. లేదంటే మార్కులు తీసెయ్యి,” అన్నారు.

స్టాఫ్‌రూమ్‌కి వచ్చాక ఎన్నో జవాబులు తోచాయి. ఒళ్లు మండిపోయింది. రెండు వీధుల అవతల కూర్చుని, కంటితో చూడని ప్రయోగాన్ని, కంటితో చూడని పిల్లను, కంటితో చూడని నన్ను కలిపి ఒక్క మాటలో చేతకానివాళ్లం చేసేశాడాయన.

మార్కులు పోతే ఏమవుతుందో హెప్సి వాళ్లమ్మ వచ్చి చెప్పేదాకా నాకు పూర్తిగా తెలియదు. ఆమె పేరు విజయకుమారి. ఒక పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాం మీద ఒంటినిండా కప్పే నల్లటి అబాయా వేసుకుని నేరుగా బడికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. హెప్సి వెనకాల గోడకు ఆనుకుని నిలబడింది.

మా విభాగంలో ల్యాబ్ ఒక్కటే కాబట్టి పదకొండో తరగతి సైన్స్‌కు ఒక్క సెక్షనే, వేరే గ్రూపు లేదు. ప్రాజెక్టు మార్కులు కూడా కలిపి, పైనుంచి వరసగా సీట్లు నింపుతారు. హెప్సి కటాఫ్ గీత మీద ఉంది. ఈ మార్కులు పోతే సీటు పోయినట్టే. ఊళ్లో మిగతా భారతీయ బళ్లలో అడిగారు, బయటి పిల్లలకు లేవన్నారు. తండ్రి ఎక్కడో ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌లో రిఫైనరీ విస్తరణ పనుల్లో ఉన్నాడు. కంపెనీ క్యాంపులో మగవాళ్ల గదులు, అక్కడ ఆడపిల్లను పెట్టుకోలేడు. ఇక మిగిలింది వీసా రద్దు చేసే ఎగ్జిట్ ముద్ర కొట్టించి గుంటూరు హాస్టల్‌కు పంపడం.

“దీన్ని పాలు మాన్పించి మా అమ్మ దగ్గర వదిలేసి వచ్చా మేడమ్,” అంది విజయకుమారి. “ఏడో క్లాసు అయ్యాక గానీ తెచ్చుకోలేకపోయా. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి ఆంటీ అంది. అమ్మా అనడానికి ఎంత కాలం పట్టిందో దాన్నే అడగండి. ఇప్పుడు మళ్లీ పంపమంటే నా వల్ల కాదు.”

తర్వాత హెప్సి చేతిలోని ప్రాజెక్టు పేపరు వైపు వేలు చూపించింది.

“ఆ అయిదు డిగ్రీలేవో రాసేయమనండి. అందరూ రాశారంట గదా. పోయేదేముంది?”

“నేను చూడంది ఎట్లా రాయనమ్మా,” అంది హెప్సి వెనక నుంచి, మెల్లగా.

“నువ్వు నోర్ముయ్. హాస్టల్లో సాంబారు తాగేటప్పుడు చూద్దువుగాని ఏం చూశావో.”

పిల్ల తల దించుకుంది కానీ పేపరు మాత్రం చేతిలోంచి వదల్లేదు. తల్లి మీద నాకు కోపం రాలేదు. బిడ్డను మళ్లీ పోగొట్టుకుంటానన్న భయంతో మాట్లాడుతోంది. ఒక తల్లి బిడ్డను దగ్గర ఉంచుకోవాలంటే ఆ బిడ్డ అబద్ధం రాయాలి. ఈ లెక్క పెట్టినవాళ్ల మీద కోపం వచ్చింది. ఒక వారం ఆగమని ఆమెను బతిమాలుకున్నాను.

ఆ వారంలోనే ఎగ్జిబిషన్ మొదలైంది. ముందు అబ్బాయిల భవనంలో తండ్రులకు, తర్వాతి వారం మా వైపు తల్లులకు. కాబట్టి ఫస్ట్ ప్రైజ్ మోడల్ కూడా డ్రైవరు చేతుల్లో మా ల్యాబ్‌కు వచ్చింది. చెక్కబల్ల మీద బిగించిన రెండు సీసాలు, మధ్యలో బల్బు, వెనక రంగుల చార్టు. చాలా శ్రద్ధగా చేశారు. నేను, హెప్సి చూస్తూ నిలబడ్డాం. ముందు కనిపెట్టింది ఎవరో నాకు గుర్తు లేదు, ఇద్దరం ఒకేసారి వంగినట్టు మాత్రం గుర్తుంది.

కార్బన్ డయాక్సైడ్ సీసా మూతికి రబ్బరు బిరడా ఉంది, థర్మామీటరు దానిలోంచి లోపలికి దిగింది. గాలి సీసాకు బిరడా లేదు. మూతి తెరిచే ఉంది. థర్మామీటరును దారంతో వేలాడదీశారు. హెప్సి మాత్రం తన సీసాలు రెండింటికీ బిరడా పెట్టింది.

ఎందుకలా చేశారో ఊహించడం కష్టమేమీ కాదు. గ్యాస్ తప్పించుకుపోతుందని ఒకదానికి బిరడా పెట్టారు. రెండోదానిలో ఉన్నది వట్టి గాలే, గాలికి బిరడా ఎందుకు అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, తెరిచిన మూతిలోంచి బయటకు పోతుంది, దాని చోట్లోకి చల్లగాలి వస్తుంది. మూసిన సీసాలో ఆ వేడి లోపలే ఉండిపోతుంది. గదికి కిటికీ తెరిస్తే ఏమవుతుందో అదే.

బల్బు వెలిగించాం. ప్రైజ్ మోడల్ చక్కగా అయిదు డిగ్రీల తేడా చూపించింది. హెప్సి గాలి సీసాకు కూడా బిరడా పెట్టింది. తేడా కరిగిపోయింది. తర్వాత నాకు తోచనిది ఆ పిల్లకు తోచింది. రెండు సీసాల్లోనూ వట్టి గాలే నింపి, ఒకదానికే బిరడా పెట్టింది. మళ్లీ అయిదు డిగ్రీలు. కార్బన్ డయాక్సైడ్ ఊసే లేదు. ఆ అయిదు డిగ్రీలూ బిరడావి.

పిల్ల నా వంక చూసి మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది. నాకూ గెలిచినట్టే అనిపించింది. ఇక ఈ సంగతి చెబితే చాలు, పెద్దాయన పొరపాటు ఒప్పుకుంటారు అనుకున్నాను. అమాయకత్వం.

ఇంటర్‌కమ్‌లో అంతా విన్నాక ప్రసాద్ సార్ చాలా నెమ్మదిగా అన్నారు.

“అంటే కార్బన్ డయాక్సైడ్‌తో వేడి పెరగదంటావా?”

“అలా కాదు సార్...”

“మరెలా? మీ అమ్మాయి సీసా నిజమైతే థియరీ అబద్ధం. థియరీ నిజమైతే మీ అమ్మాయి అబద్ధం. రెంటిలో ఏది కావాలో తేల్చుకో అమ్మా. గ్లోబల్ వార్మింగ్ బోగస్ అని ఎగ్జిబిషన్‌లో చార్టు పెట్టుకుంటావా? ఊరంతా పెట్రోలు మీద బతికేవాళ్లే, చప్పట్లు కొడతారు.”

సుల్తానా మేడమ్ ముఖంలో రంగు మారింది. ఆవిడ హైదరాబాదీ, మంచి మనిషి, గొడవలంటే భయం. ఫోను పెట్టేశాక, “బేటా, సైన్స్‌లో రెండూ నిజం ఎట్లయితయి? ఒక్కటి చెప్పు, నేను నీ దిక్కే ఉంట,” అన్నారు. మార్కులు పంపడానికి ఇంకో వారమే గడువు.

ఆ ప్రశ్న నన్ను కుదిపేసింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందన్నది వందేళ్లకు పైగా ఎందరో కొలిచి, లెక్కగట్టి, తప్పులు దిద్దుకుంటూ నిలబెట్టిన విషయం. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో దాదాపు రెండు వందల ఎనభై కార్బన్ డయాక్సైడ్ అణువులు ఉండేవి. అప్పటికి అవి మూడు వందల ఎనభై దాటాయి. అంత పెద్ద సంగతిని ఒక రబ్బరు బిరడా మీద నిలబెట్టి, ఆ బిరడా లాగితే సంగతంతా కూలిపోయిందంటున్నాడు ఈ పెద్దమనిషి. పైగా దాన్ని కూల్చింది పదో తరగతి పిల్లట.

ఇంటికి వెళ్లి, ఇండియా నుంచి బట్టలు తగ్గించుకుని తెచ్చుకున్న పుస్తకాలు మంచం మీద పరిచాను. సీసా ఎందుకు మాట్లాడలేదో ముందు నాకే స్పష్టంగా తెలియాలి. మర్నాటి నుంచి లంచ్ విరామంలో హెప్సికి చెప్పడం మొదలుపెట్టాను.

ఎండ చాలావరకు గాలిలోంచి దూసుకుని నేలను చేరుతుంది. వేడెక్కిన నేల ఆ వేడిని తిరిగి పైకి పంపుతుంది. కానీ అది కంటికి కనిపించే వెలుగుగా వెళ్లదు. ఇన్‌ఫ్రారెడ్‌గా వెళుతుంది. పొయ్యి మీంచి దించిన పెనానికి దూరంగా చెయ్యి పెట్టినా సెగ తగులుతుందే, ఆ సెగ అదే. కార్బన్ డయాక్సైడ్ ఎండను పోనిస్తుంది, ఈ సెగలో కొంత భాగాన్ని మాత్రం పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని అన్ని వైపులకూ వదులుతుంది, కిందికి కూడా. రియాద్‌లో చలికాలం ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి వణికిస్తుంది, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. అక్కడ సెగను ఆపేది మబ్బు, గాలిలోని తేమ. ఎడారి గాలిలో తేమ తక్కువ కాబట్టి వేడి త్వరగా పైకి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ పనే చేస్తుంది, అయితే మబ్బులా వచ్చి పోదు, వందల ఏళ్లు ఉండిపోతుంది.

“మరి మన సీసాలో ఎందుకు ఆపలేదు మిస్?”

మన సీసా జానెడు. ఆకాశంలో గాలి కిలోమీటర్ల మందం. జానెడు గ్యాస్ పట్టుకునే వేడి ఎంత కొంచెమంటే, అది మన థర్మామీటరుకు ఆనదు. పైగా బల్బు ఇచ్చేదానిలో ఎక్కువ భాగం ఈ గ్యాస్ పట్టించుకోని రకం. నేల నుంచి వచ్చే రకం సెగను సీసా ప్లాస్టిక్కే చాలావరకు ఆపేస్తుంది. అసలు సంగతి ఇంకా పైన ఉంది. నేల నుంచి బయలుదేరిన వేడి పొర తర్వాత పొరగా చేతులు మారుతూ పైకి వెళ్లి, చివరికి ఒక ఎత్తు నుంచి అంతరిక్షంలోకి పోతుంది. గ్యాస్ పెరిగేకొద్దీ ఆ చివరి మెట్టు ఇంకా పైకి జరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ చలి. చల్లగా ఉన్నచోటి నుంచి తక్కువ వేడే బయటకు పోతుంది. వచ్చేది అంతే, పోయేది తగ్గింది. మళ్లీ సమానం అయ్యేదాకా కింద నేల, సముద్రం వేడెక్కుతూ పోతాయి. ఏ సీసా చూపిస్తుంది దీన్ని?

హెప్సి విని, పెన్సిల్ నోట్లో పెట్టుకుని ఆలోచించి, “మీరు చెప్పింది అర్థమైంది మిస్. కానీ గ్యాస్ ఆ సెగను పట్టుకుంటుందని నేను చూడలేదు కదా. అది కూడా పుస్తకమే కదా,” అంది.

నా ఆయుధం నాకే తిరిగి తగిలింది. మా ల్యాబ్‌లో ఇన్‌ఫ్రారెడ్ కొలిచే సాధనం ఏదీ లేదు.

ఆ గురువారం సెలవు, అక్కడ అప్పట్లో గురు, శుక్రవారాలే వారాంతం. గడువుకు ముందు తల్లితో ఒకసారి మాట్లాడాలని మా వారితో కలిసి వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. ఆయన కింద కారులోనే కూర్చున్నారు. విజయకుమారి డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది, అప్పటిదాకా నేను, హెప్సి ఎదురుచూశాం. అబాయా విప్పుతూనే, వెంటిలేటర్ మీదున్న ఒక ముసలాయనకు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కిపోతుంటే దిగేదాకా వదల్లేకపోయానని సంజాయిషీ చెప్పింది.

“ఎక్కిపోతోందని మీకెలా తెలుస్తుంది?” అని అడిగాను. ఊరికే అడిగినట్టే అడిగాను.

“కాప్నోగ్రాఫ్ ఉంటది గదా మేడమ్. గొట్టానికి చిన్న సెన్సార్ తగిలిస్తాం. ఒకవైపు నుంచి ఇన్‌ఫ్రారెడ్ లైటు కొడతది, రెండో వైపు ఎంత చేరిందో చూసుకుంటది. మనిషి వదిలిన ఊపిరి మధ్యలోంచి పోద్ది. కార్బన్ డయాక్సైడ్ ఎంతుంటే అంత లైటు మింగేస్తది. ఎంత తగ్గిందో దాన్ని బట్టి మానిటర్‌లో గీత లేస్తది.” చెబుతూ చెబుతూ ఆగి మా ఇద్దరి ముఖాలూ చూసింది. “ఏంటి, ఇద్దరూ అట్లా చూస్తారేంటి?”

హెప్సి అప్పటికే లేచి నిలబడింది. “అమ్మా, ఆ మెషీన్ నాకు చూపిస్తావా?”

ఐసీయూలోకి పిల్లను రానివ్వరు. కానీ పాత సెన్సార్లు ఉంచే గదిలో, పైవాళ్లను అడిగి, విజయకుమారి కూతురికి ఒక మానిటర్ పెట్టి చూపించింది. హెప్సి గొట్టంలోకి ఊదింది. తెరమీద గీత లేచింది. ఊపిరి తీసింది, గీత పడిపోయింది. ఊపిరి బిగబట్టి ఆగి వదిలితే గీత ఇంకా ఎత్తుకు లేచిందట. శనివారం వచ్చి ఇదంతా చేతులు తిప్పుతూ చెప్పింది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. భూమి పంపే కిరణాలకూ, ఆ సెన్సార్ వాడే కిరణాలకూ తరంగదైర్ఘ్యంలో తేడా ఉందని, రెండూ ఇన్‌ఫ్రారెడ్ జాతివేనని, ప్రసాద్ సార్‌కు ఆ తేడా కూడా చెప్పాలని చెప్పాను. “చెప్తా మిస్,” అంది.

సుల్తానా మేడమ్‌ను అడిగి వైవా పెట్టించాను. వైవా అంటే మౌఖిక పరీక్ష. ఇంటర్‌కమ్ బల్ల మధ్యలో. ఎదురుగా సుల్తానా మేడమ్, ఇటు హెప్సి, నేను. ఒక మూల విజయకుమారి.

“సీసాల్లో తేడా రాలేదని ఒప్పుకుంటున్నావు కదమ్మా?” అన్నారు ప్రసాద్ సార్.

“రాలేదు సార్. రెండింటికీ బిరడా పెడితే రాదు.”

“అయితే కార్బన్ డయాక్సైడ్ వేడిని ఆపదు.”

“నా సీసా ఆ మాట చెప్పలేదు సార్. ఈ సీసాతో చూడలేవు అని మాత్రమే చెప్పింది.”

తర్వాత కాప్నోగ్రాఫ్ గురించి చెప్పింది. ఆకాశం మందం గురించి, చివరి మెట్టు గురించి, కిరణాల తేడా గురించి చెప్పింది. మధ్యలో తడబడింది, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

“ఇదంతా సిలబస్‌లో లేదు.”

“ఇన్‌ఫ్రారెడ్‌ను కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని మీ షీట్‌లో మొదటి లైన్ సార్.”

సుల్తానా మేడమ్ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అటువైపు నుంచి ఆ గొంతు, “తెలివైన పిల్లే. కాదనను. కానీ ప్రాజెక్టు రిజల్ట్ రాలేదు, మోడల్ లేదు. సగం మార్కులు వేసెయ్ శారదా. ప్రైజ్ అనౌన్స్ చేసేశాం, ఇప్పుడు దాన్ని కదిలించకు,” అంది.

సగం మార్కులంటే సీటు లేనట్టే. మూలలో విజయకుమారి రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది. అలాంటప్పుడు నేను సాధారణంగా సరే సార్ అంటాను. ఆ రోజు ఆ మాట రాలేదు.

“పూర్తి మార్కులు వేస్తున్నాను సార్,” అన్నాను.

“నా మాట కాదంటున్నావా అమ్మా?”

“ఈ ప్రయోగం మీరు చూడలేదు సార్. చూడటానికి మీకు వీల్లేదు కూడా. చూసింది నేను. చూసినవాళ్లే మార్కులు వేసి సంతకం పెట్టాలని రూలు.”

ఆ రూలు నిజంగానే ఉంది. మగవాళ్లు ఇటు రారు కాబట్టి మా విభాగం ప్రాక్టికల్ మార్కుల మీద మా సంతకమే చెల్లుతుంది. హెచ్ఓడీ మాట అలవాటుగా చెల్లుతూ వచ్చింది, అంతే. సుల్తానా మేడమ్ నా వంక ఒకసారి, ఇంటర్‌కమ్ వంక ఒకసారి చూసి, మార్కుల షీట్ నా ముందుకు జరిపారు. నేను సంతకం పెట్టాను. ఆవిడ కింద స్టాంపు వేశారు.

మర్నాడు ఎగ్జిబిషన్‌లో ప్రైజ్ మోడల్ తెరిచిన మూతితోనే నిలబడింది. చార్టు మీద బంగారు రంగు రిబ్బను. తల్లులు వచ్చి మెచ్చుకున్నారు. పక్కన హెప్సి తన సీసాల ప్రయోగం పెట్టడానికి చోటు అడిగితే, బల్లలు నిండిపోయాయన్నారు. బల్లలు నిండలేదు, నేను చూశాను. ఆ మోడల్ చేసిన అబ్బాయిల మీద నాకు కోపం లేదు. కష్టపడ్డారు. వాళ్ల కష్టంలోని తప్పును చూపించి, సరిచేసి, ఇంకా మంచి శాస్త్రం నేర్పే అవకాశాన్ని రిబ్బను కట్టి మూసేసిన వాళ్ల మీద కోపం. రేపు ఎవరో వచ్చి బిరడా సంగతి చెబితే, ఆ పిల్లలు తాము నేర్చుకున్నదంతా బూటకమనే అనుకుంటారు. భూమి వేడెక్కడమే పెద్ద మోసమని చెప్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

కొత్త విద్యా సంవత్సరంలో నాకు ఆరో తరగతి ఇచ్చారు. పెద్ద క్లాసులకు అనుభవం చాలదని కారణం. ఎవరి మాట అని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పదకొండో తరగతి సైన్స్ జాబితాలో హెప్సి పేరు దాదాపు చివరన ఉంది. అది చూసిన రోజు విజయకుమారి నా క్లాసు బయట నిలబడి ఎదురుచూసింది. స్వీట్ డబ్బా నా చేతిలో పెట్టింది.

“ఐసీయూలో చూడని నంబరు ఛార్టులో రాస్తే మా ఉద్యోగం ఊడిద్ది మేడమ్,” అంది. “కొత్త పిల్లలకి నేనే క్లాసు పీకుతా. అట్లాంటిది దీన్ని రాసేయమన్నా. అది మాట వినలేదు కాబట్టి సరిపోయింది.”

“మీ పోలికే వచ్చింది,” అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

నా ఉద్యోగం నాకు చాలా నేర్పింది కానీ ఇంత కోపంగా నేర్పింది ఇదొక్కటే. నిజమైన సంగతికి కూడా దొంగ సాక్ష్యం తెచ్చేవాళ్లు ఉంటారు. తాము మంచి పక్షాన ఉన్నామని నమ్ముతారు కాబట్టి వాళ్లకు సిగ్గు కూడా వేయదు. సాక్ష్యం దొంగదని తేలినప్పుడు పోయేది వాళ్ల పరువు కాదు, ఆ నిజం పరువు. అందుకే ఇప్పటికీ నా క్లాసులో ‘ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్’ గడి ఉన్న షీట్ ఏది వచ్చినా, పిల్లలకు ఇచ్చే ముందు ఆ గడి కత్తిరించేస్తాను.

హెప్సి తర్వాతి రెండేళ్లూ రియాద్‌లోనే, వాళ్లమ్మ దగ్గరే ఉండి చదువుకుంది. దానికోసం మేం ఒక్క అంకె కూడా మార్చలేదు.